నిజమైన మార్కులు వేస్తే మా బడి చివరికి వెళ్లింది

కోస్తాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయిని రాసిన ఉత్తరమిది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కనుక సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు నలభై నాలుగేళ్లు. స్కూల్ అసిస్టెంటుగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు గణితం చెబుతారు. ఈ ఏడాది బడులు తెరిచిన మొదటి వారంలోనే ఎనిమిదో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి నాలుగు లెక్కలు చేయించారు. 41 మందిలో 17 మందికి మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం రాదు. వారిలో కొందరికి అప్పు తెచ్చుకునే తీసివేత కూడా రాదు. ఆమె అకరణీయ సంఖ్యల పాఠం పక్కన పెట్టి, నెల రోజులకు పైగా ఎక్కాలు, భాగహారం, భిన్నాలు చెప్పారు. పిల్లలు కదిలారు. ఈలోగా ఏడాది మధ్యలో బడిలో పెట్టే ఫార్మేటివ్ పరీక్ష సిలబస్ ప్రకారం వచ్చేసింది. వచ్చిన మార్కులు వచ్చినట్లే వేసి ఆన్‌లైన్‌లో ఎక్కించారు. ఎనిమిదో తరగతి గణితంలో మండలం మొత్తం మీద ఆ బడి చివరన నిలిచింది.

మిగతా బడుల్లో జవాబులు బోర్డు మీద రాసి చూపించారనీ, కొన్నిచోట్ల పేపర్లు దిద్దకుండానే మార్కులు వేశారనీ అందరికీ తెలుసంటారామె. మండల సమావేశంలో అధికారి ఆమెను నిలబెట్టి, సిలబస్ ఎందుకు వెనకబడిందో సంజాయిషీ ఇమ్మన్నారు. ప్రధానోపాధ్యాయుడు మంచివారే. ఆయన కూడా "వచ్చేసారి కాస్త చూసి వేయండమ్మా" అన్నారు.

ఆ రాత్రి ఆమె ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్ద పోస్టు పెట్టారు. పరీక్షలన్నీ రద్దు చేయాలనీ, పిల్లలకిచ్చిన ట్యాబులన్నీ వెనక్కి తీసుకోవాలనీ, యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పని మానితే తప్ప చదువు బాగుపడదనీ రాశారు. ఎవరో దాన్ని పై అధికారులకు పంపారు. ఒక సహోద్యోగి "ముందు మీ అబ్బాయిని మన బడిలో చేర్పించండి, తర్వాత మాట్లాడుదురు గాని" అని అందరూ చూసేలా బదులిచ్చారు.

ఆ అబ్బాయి పట్టణంలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్. ప్రతి శనివారం పరీక్ష ఉంటుంది, ఆదివారం పొద్దున్నే ర్యాంకులు తల్లిదండ్రుల ఫోనుకు వస్తాయి. హోంవర్కు యాప్‌లో పంపుతారు కనుక రాత్రి పదకొండు దాకా ఫోను వాడి చేతిలోనే ఉంటుంది. ఈమధ్య ఒక పరీక్ష కాగితంపై 11ను 17గా దిద్ది తండ్రికి చూపించాడు. బడి మారుద్దామంటే భర్త "నీ సిద్ధాంతాలకు మనవాణ్ణి బలిపెట్టకు" అంటున్నారు.

చివరికి ఆమె అడిగినవి ఇవి: నేనూ అందరిలా మార్కులు వేసి ఊరుకోవాలా? పేరు పెట్టి పత్రికలకు రాయాలా? అబ్బాయిని మా బడికి తెచ్చుకోవాలా? లేక ఉద్యోగమే మానుకోవాలా?

*

అమ్మా,

మీ పోస్టునూ మీ పనినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పోస్టులో పరీక్షలన్నీ రద్దు చేయాలన్నారు. కానీ జూన్‌లో మీరు మొట్టమొదట చేసిన పని పరీక్ష పెట్టడమే. ఒక్కో పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, నాలుగు లెక్కలు ఇచ్చి, ఎక్కడ ఆగిపోతున్నాడో చూశారు. పై నుంచి వచ్చే ఏ ప్రశ్నపత్రమూ ఆ 17 మంది సంగతి మీకు అంత స్పష్టంగా చెప్పదు. మీరు పరీక్షకు వ్యతిరేకి కారు, అబద్ధపు మార్కుకు వ్యతిరేకి. కోపంలో రెండింటినీ కలిపేసి రాశారు కనుక మీ మాటను కొట్టిపారేయడం అధికారులకు తేలికైంది. ఈ తేడాను మీరు గట్టిగా పట్టుకుంటే మీరడిగిన చాలా ప్రశ్నలకు దారి కనిపిస్తుంది.

తోటి ఉపాధ్యాయులపై మీకున్న కోపం అర్థమవుతోంది. కానీ వారెందుకు అలా వేస్తున్నారో చూడండి. ఆ మార్కు పిల్లవాడి కోసం కొలిచింది కాదు, పైకి వెళ్లి మండలాల పట్టికగా మారి, మెమోగా తిరిగివచ్చే అంకె. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1976లోనే ఈ సంగతి రాశాడు: ఒక అంకెను బట్టి నిర్ణయాలు చేయడం ఎంత పెరిగితే ఆ అంకె అంతగా చెడిపోతుంది, ఏ పనిని కొలవడానికి దాన్ని పెట్టారో ఆ పనినీ చెడగొడుతుంది. మన దేశంలో దీనికి నిదర్శనం కూడా ఉంది. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల పిల్లలు రాసిన పరీక్షలోని ప్రశ్నలనే ఆ పిల్లలకే మళ్లీ విడిగా ఇచ్చి చూశారు. ప్రభుత్వ లెక్కల్లో పిల్లల స్థాయి ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా నమోదైందని తేలింది. బాగా వెనకబడిన పిల్లల విషయంలో ఆ తేడా మరీ ఎక్కువ. అంటే ఎవరికి సాయం అందాలో సరిగ్గా ఆ పిల్లలే లెక్కల్లో మాయమయ్యారు. మీ మండలంలో జరిగింది కూడా ఇదే. దానికి మీ పొరుగు బడి మాస్టారి గుణాన్ని నిందించి లాభం లేదు.

ఆ అధ్యయనంలోనే మీరు తప్పక తెలుసుకోవలసిన రెండో సగం ఉంది. అది మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. ఉపాధ్యాయులు దగ్గరుండి పెట్టిన కాగితం పరీక్షల్లో మార్కులు ఉబ్బిపోయాయి. ట్యాబు మీద పెట్టిన పరీక్షల ఫలితం మాత్రం బయటివారు విడిగా పెట్టిన పరీక్షతో దాదాపు సరిపోయింది. మీరు వెనక్కి తీసుకోమన్న ఆ పరికరమే ఇక్కడ నిజం చెప్పింది. ఈ మాట మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మీ పోస్టులో "ట్యాబులన్నీ" అన్న చోట మీ వాదం ఎందుకు జారిందో చెప్పడానికి అంటున్నాను. దీని సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మార్కుల విషయం. మీ ముందు ఉన్న దారులు, వాటి ఫలితాలు చూద్దాం.

అందరిలా వేసి ఊరుకుంటే మీ బడి పట్టికలో మధ్యకు చేరుతుంది, మెమోల భయం పోతుంది. ఆ సౌఖ్యం చిన్నదని నేననను. పొద్దున ఆరింటికి ఇంటి పని ముగించుకుని బస్సెక్కే మనిషికి అవమానం లేని ఉద్యోగం అవసరమే. కానీ ఆ 17 మందికి రికార్డులో మంచి గ్రేడు పడ్డాక వచ్చే ఏడాది తొమ్మిదో తరగతిలో వారికి ప్రత్యేకంగా చెప్పించమని అడిగే ఆధారం ఉండదు. తొమ్మిదిలో కూడా లెక్కలు మీవే కనుక ఆ అబద్ధంతో ఏడాదంతా గడపవలసింది మీరే. రెండేళ్ల తర్వాత పదో తరగతి పబ్లిక్ పరీక్షలో జవాబులు బోర్డు మీద ఎవరూ రాయరు.

ఒంటరిగా, ఇప్పటిలాగే, మౌనంగా నిజమైన మార్కులు ఎక్కించుకుంటూ పోతే మీ మనసు కుదుటపడుతుంది. కానీ సమావేశంలో మీతోపాటు నిలబడాల్సింది మీ ప్రధానోపాధ్యాయుడు. ఆయనకు ముందుగా చెప్పకుండా ఆయన బడిని చివరన నిలబెడితే రెండోసారి ఆయన మీ పక్షాన ఉండరు. మండల అధికారికి కూడా కనిపించేది "చివరి స్థానం" ఒక్కటే. జూన్‌లో ఈ పిల్లలు ఎక్కడ ఉన్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నాకు మేలుగా తోచే మూడో దారి కాస్త శ్రమతో కూడినది. జూన్‌లో మీరు చేయించిన ఆ నాలుగు లెక్కల ఫలితాన్ని పిల్లల పేర్లతో ఒక కాగితం మీద రాయండి. అదే స్థాయి లెక్కలు, వేరే అంకెలతో, ఇప్పుడు మళ్లీ చేయించి పక్క గడిలో వేయండి. మీరు ఉత్తరంలో "పిల్లలు కదిలారు" అని రెండే మాటల్లో తేల్చేశారు. ఎంతమంది ఎంత కదిలారో చూపే కాగితం మీ చేతిలో ఉండాలి. దాన్ని వచ్చే పరీక్ష మార్కులు ఎక్కించకముందే ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి తీసుకెళ్లి, చదివి సంతకం చేయమనండి. అప్పుడు ఫార్మేటివ్ మార్కు తక్కువగా ఉన్నా దాని పక్కన పెట్టి చూపడానికి ఆయన చేతిలో ఒకటి ఉంటుంది. ఆయన సంతకం చేయకపోవచ్చు. చేయకపోతే ఏ తేదీన చూపించారో మీ డైరీలో రాసుకోండి.

పిల్లవాడు ఎంత పెరిగాడన్నది చూడటం కొత్త ఆలోచనేమీ కాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లల మార్కుల్లో సగటున వచ్చిన పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు కొంత అదనపు డబ్బు ఇచ్చారు. పరీక్షలు పెట్టింది బయటివారు. రెండేళ్లయ్యేసరికి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల కన్నా ముందున్నారు. ఉపాధ్యాయులకు డబ్బు ఎర చూపడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, నాకు అందులో అనుమానాలున్నాయి. మీకు పనికొచ్చేది ఒక్కటే: బయటివారు కొలిచి, పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే పరీక్ష కూడా పిల్లలకు మేలు చేసింది. మీ స్థాయిలో దీన్ని చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. పక్క ఊరి ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవారితో మాట్లాడి, మీ పేపర్లు వారు, వారి పేపర్లు మీరు దిద్దుకోండి. ఒకరు ఒప్పుకున్నా చాలు. ఎవరూ ఒప్పుకోకపోయే అవకాశమూ ఉంది. అప్పుడు కూడా అడిగిన మాట మండలంలో నిలుస్తుంది.

సిలబస్ ఎందుకు వెనకబడిందన్న సంజాయిషీకి మీ దగ్గర చట్టమే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతుంది. నిర్ణీత కాలంలో పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తి చేయాలని అందులో ఉంది, మీ అధికారి అడిగింది అదే. ఆ వెంటనే వచ్చే అంశం, ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన అందించాలని. మీరు చేసింది ఇది. రెండూ విధులే. ఎనిమిదో తరగతి ఈ చట్టం పరిధిలోకి వస్తుంది. సంజాయిషీలో ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా, ఈ సెక్షన్ పేర్కొని, జూన్ కాగితం జత చేసి, మిగిలిన సిలబస్ ఏ నెలకు పూర్తవుతుందో రాసివ్వండి. పొరుగు బడుల సంగతి అందులో ఒక్క వాక్యం కూడా రానీయకండి. వస్తే మీ కాగితం పనిగురించి కాక పగగురించి అయిపోతుంది.

ఇక్కడ మీరు చెప్పని ఒక విషయం నేను అడగాలి. 41లో 17 తీసేస్తే 24 మంది. వారికి భాగహారం వచ్చు. ఆ నెల రోజులూ వారేం చేశారు? మీ ఉత్తరంలో వారి ఊసే లేదు. సిలబస్ అంతా ఆపి అందరికీ ఎక్కాలు చెప్పడం, అందరికీ అకరణీయ సంఖ్యలు చెప్పి 17 మందిని వదిలేయడం, రెండూ ఒక తరగతిని ఒకే స్థాయిగా చూడటమే. హరియాణాలో జరిగిన ఒక పరిశీలన మీకు ఉపయోగపడుతుంది. అక్కడ నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లలను తరచుగా అంచనా వేసే పద్ధతి, అమలు చేసిన బడుల్లో పిల్లల చదువు మిగతా బడుల కన్నా మెరుగుపడలేదు. రోజులో కొంతసేపు పిల్లలను తరగతిని బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసి చెప్పిన ప్రాథమిక బడుల్లో హిందీ చదవడం మెరుగుపడింది. ఎంత తరచుగా కొలిచామన్నది పని చేయలేదు, కొలిచాక ఎవరికి ఏం చెప్పామన్నదే పని చేసింది. మీ పీరియడులో మొదటి సగం అందరికీ సిలబస్, రెండో సగం ఆ 17 మందితో మీరు, మిగతావారు జతలుగా అభ్యాసం లెక్కలు, ఇలా వారంలో మూడు రోజులు చేయగలరేమో చూడండి. భాగహారం నెమ్మదిగా వస్తుంది. కానీ సిలబస్ ఆగదు, సంజాయిషీలు తగ్గుతాయి, ఆ 24 మందికి అన్యాయం జరగదు. మీకు మాత్రం అలసట పెరుగుతుంది, అది దాచను.

ఫెయిల్ చేసే అధికారం మళ్లీ ఇస్తే పిల్లలే దారికి వస్తారని మీ స్టాఫ్‌రూంలో అంటున్నారని రాశారు. విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే విషయం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకు ఆ నిబంధన తెచ్చింది కూడా. భాగహారం రానివాణ్ణి అదే తరగతిలో, అదే పాఠంతో, మళ్లీ కూర్చోబెడితే భాగహారం రాదు. దానిపై ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఇక ట్యాబులు. 2022 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపి ఇచ్చిన ట్యాబుల గురించి మీరు రాశారు. మీ పై తరగతుల పిల్లలు సెల్‌ఫోన్ల దుకాణంలో లాక్ తీయించుకుని ఆటలు ఆడుతున్నారన్నారు. ఆశ్చర్యం లేదు. గ్రామీణ పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వేలో, 2024లో, 14-16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 82 శాతం స్మార్ట్‌ఫోను వాడటం వచ్చన్నారు. అంతకు ముందు వారంలో చదువు పనికి వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. పరికరం చేతికిచ్చి ఊరుకుంటే ఏమవుతుందో పెరూ దేశం ముందే చూసింది. అక్కడ ప్రభుత్వం పేద పిల్లలకు లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచింది. 2012లో 319 గ్రామీణ బడులపై వెలువడిన అధ్యయనంలో లెక్కల్లోనూ భాషలోనూ మార్పేమీ కనిపించలేదు.

ఢిల్లీలో మాత్రం వేరే ఫలితం వచ్చింది. ఇంతకు ముందు చెప్పిన మురళీధరనే, మరో ఇద్దరితో కలిసి, బడి ముగిశాక నడిచే కేంద్రాల్లో ఒక సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించారు. అక్కడి పిల్లలు ఆరో తరగతిలో లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉంటే, తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులైంది. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు చదివే తరగతిని పట్టించుకోకుండా వాడికి ఎక్కడి వరకు వచ్చో అక్కడి నుంచి ప్రశ్నలిచ్చింది. ఒక్కో రోజు తొంభై నిమిషాల్లో సగం తెర ముందు, సగం చిన్న గుంపులో మనిషి దగ్గర. నాలుగున్నర నెలల్లో లెక్కలూ హిందీ బాగా మెరుగుపడ్డాయి.

మీ ట్యాబుల్లో ఉన్నవి హైస్కూలు తరగతుల పాఠాలు. ఎక్కాలు రాని పిల్లవాడికి పుస్తకంలో అర్థంకానిది బొమ్మలతో, సంగీతంతో చెబితే అర్థమవుతుందా? ఆ పిల్లవాడికి పాఠ్యపుస్తకంతో వచ్చిన ఇబ్బందే ట్యాబుతోనూ వచ్చింది. మీరు పోస్టులో ఇది రాసి ఉంటే ఎవరూ కాదనలేకపోయేవారు. ఇప్పుడు చేయదగినవి రెండున్నాయి. ట్యాబులున్న పిల్లలను వారంలో ఒక రోజు తెమ్మని, మీ కళ్ల ముందు, మీరు ఎంచిన ఒకటి రెండు పాఠాలకే వాడించవచ్చు. ఛార్జింగు లేదని, పగిలిందని, అన్న తీసుకెళ్లాడని సగం మంది తేరు, మీకు విసుగు వస్తుంది. లేదా వాటిని ఇళ్లకే వదిలేసి, తల్లిదండ్రుల సమావేశంలో రాత్రిపూట పెద్దవారి దగ్గర ఉంచమని చెప్పి, మీ పీరియడును సుద్దముక్కతో కాపాడుకోవచ్చు. మీ శక్తి పరిమితం కనుక మీ స్థానంలో నేనుంటే రెండోది ఎంచుకుంటాను. యాప్‌లలో ఫొటోలు, హాజరు మీ చేతిలో లేనివి. ఆ పనికి రోజుకు ఎంత పాఠం పోతోందో ఒక నెలపాటు రాసి ఉంచితే మీ సంఘం నాయకులకు పనికొస్తుంది. "చాలా సమయం పోతోంది" అన్న మాట వారు ఎప్పటి నుంచో అంటున్నారు, ఎవరి దగ్గరా లెక్క లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం మీరు పోతూపోతూ రాసి వదిలేసినది: 11ను 17గా దిద్దాడని. అమ్మా, ఇది మీ మండలంలో జరుగుతున్న పనే. పైకి వెళ్లే అంకె తిరిగి దెబ్బగా వస్తుందని తెలిసిన ఉపాధ్యాయులు అంకెను దిద్దారు. ఇంటికి వచ్చే అంకె తండ్రి ముఖాన్ని మారుస్తుందని తెలిసిన పిల్లవాడు అంకెను దిద్దాడు. వాణ్ణి అబద్ధాలకోరు అనకండి, మీవారిని కూడా అననివ్వకండి. వాడు భయపడ్డాడు. ఆ భయానికి కారణం ఆ బడి ఒక్కటేనా, ఆదివారం పొద్దున మీ ఇంట్లో ఫోను తెరిచే క్షణం కూడానా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో అయిదు, ఆరు తరగతుల పిల్లలపై ఒక ప్రయోగం చేశారు. కొందరికి మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి పనిపై వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారు. రెండూ అందుకున్నవారు మార్కు అందుకున్నవారి కన్నా ఏమంత మెరుగుకాలేదు. మార్కు కనిపిస్తే పిల్లల చూపు వ్యాఖ్య మీదికి పోవడం లేదు. కాబట్టి వచ్చే శనివారం పరీక్ష తర్వాత ర్యాంకు సందేశం తెరవకుండా, ఆ కాగితం తెప్పించుకుని ఒక్క తప్పు లెక్క మీ అబ్బాయితో కూర్చుని చేయండి. మీరు కాదు, మీవారు చేస్తే మరీ మంచిది. లెక్క రాకపోయినా సరే, కొడుకు చేత చెప్పించుకోవచ్చు.

బడి మార్చడం గురించి. మీ బడికి తెచ్చుకుంటే ఫీజు మిగులుతుంది, నిద్ర మిగులుతుంది, తెలిసిన ఉపాధ్యాయులుంటారు. కానీ ఈ సమయంలో, ఆ సహోద్యోగి ఆ మాట అన్న తర్వాత, మీ అబ్బాయి మీ బడిలో అడుగుపెడితే వాడు విద్యార్థిగా రాడు, మీ వాదానికి సాక్ష్యంగా వస్తాడు. వాడికి తక్కువ మార్కులొస్తే మీ అభిప్రాయాలు తప్పన్నట్లు అవుతుంది. పదమూడేళ్ల పిల్లవాడిపై ఆ బరువు పెట్టకూడదు. ఇంకో మాట: తల్లే లెక్కల టీచరుగా ఉన్న తరగతిలో కూర్చోవడం అందరు పిల్లలకూ సరిపడదు. వాడికే ఇష్టమై, ఆ గొడవ సద్దుమణిగాక, తొమ్మిదిలో చేరతానంటే నాకు అభ్యంతరం లేదు.

ఉన్నచోటే ఉంచితే ఏడాది మధ్యలో కదిలించే ఇబ్బంది ఉండదు, మీవారితో తగవు ఆగుతుంది. వాడి ఆరోగ్యం, వాడి భయం మాత్రం అలాగే ఉంటాయి. మధ్యలో ఇంకో దారి ఉంది: బడి అదే, సెక్షన్ వేరు. ఫౌండేషన్ నుంచి మామూలు సెక్షన్‌కు మార్చమని అడగండి. వీలుకాదంటే జూన్‌లో వారంవారం ర్యాంకులు లేని బడి చూడండి. మీవారికి చెప్పవలసినది మీ సిద్ధాంతం కాదు. ఐఐటీ ప్రవేశపరీక్షలో అడిగేది ఇంటర్ రెండేళ్ల పాఠం. 2024లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే, ఐఐటీల్లో సీట్లు 17,740. ఆ సీటు కోసం ప్రయత్నించడం తప్పు కాదు, దాని కోసం ఎనిమిదో తరగతిలో నిద్ర పోగొట్టుకోవడం అవసరం కాదు. ఆయన భయం కూడా వినండి. బిడ్డ వెనకబడిపోతాడేమోనన్న భయం మీకు తరగతిలో ఆ 17 మందిని చూసి కలిగినదే, ఆయనకు కొడుకును చూసి కలుగుతోంది.

ఫోను విషయం త్వరగా చెబుతాను. హోంవర్కు యాప్‌లో వస్తున్నంత కాలం ఫోను పూర్తిగా తీసేయలేరు. సాయంత్రమే హోంవర్కును చూసి నోటుపుస్తకంలో రాసుకుని, రాత్రి తొమ్మిదికి ఇంట్లోని ఫోనులన్నీ, మీ ఇద్దరివి కూడా, హాలులో ఒకచోట పెట్టేయండి. వాడిది ఒక్కటే తీసుకుంటే అది శిక్ష అవుతుంది.

సహోద్యోగి మాటకు బదులివ్వకండి. ప్రభుత్వ బడి ఉపాధ్యాయుల పిల్లలు ఎక్కడ చదవాలన్నది ఆలోచించదగిన ప్రశ్నే, నాకూ అందులో బాధ ఉంది. కానీ ఒక తల్లి నోరు మూయించడానికి వాడిన ప్రశ్నకు సమాధానం బాకీ లేదు.

పత్రికలకు పేరుతో రాయడం గురించి అడిగారు. 1964 నాటి ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తన నియమావళి మీకు వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాన్ని పత్రికలో విమర్శిస్తే క్రమశిక్షణ చర్య తీసుకునే వీలుంది. పోస్టు ఇప్పటికే పైకి వెళ్లిన స్థితిలో మొదటి అడుగుగా అది వద్దు. రాస్తే చదివేవారు వేలల్లో ఉంటారు, నిజమే. కానీ చర్చ పిల్లల నుంచి మీ మీదికి మళ్లుతుంది. పోస్టు గురించి ఎవరైనా రాతపూర్వకంగా అడిగితే సంఘం వారిని సంప్రదించాకే జవాబివ్వండి. మీ అనుభవాన్ని, అంటే జూన్‌లో ఏం కొలిచారు, ఎలా చెప్పారు, ఏం ఫలితం వచ్చింది అన్నది, విధానంపై వ్యాఖ్య లేకుండా సంఘ పత్రికకు పంపండి. దాన్ని చదివే లెక్కల మాస్టార్లకు అదే ఎక్కువ ఉపయోగం. ఇంకొక తలుపు ఉంది, దాన్ని మనవారు జీతభత్యాలకే తడతారు. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యులను ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిగా మీకు ఆ ఓటు ఉండే ఉంటుంది. మీ నియోజకవర్గం ఎమ్మెల్సీకి, మార్కులను బడులను పోల్చడానికి వాడవద్దనీ, పెరుగుదలను చూడమనీ, మీ రెండు గడుల కాగితంతో, మరికొందరు ఉపాధ్యాయుల సంతకాలతో ఒక వినతి ఇవ్వండి. ప్రజాప్రతినిధికి సమస్య చెప్పుకోవడం వాట్సాప్ పోస్టు కన్నా చాలా భద్రమైనది, ఎక్కువ దూరం వెళ్లేది కూడా.

ఉద్యోగం మానడం చివరి ప్రశ్న. ఈ ఏడాది ఆ నిర్ణయం తీసుకోకండి. సమావేశంలో జరిగిన అవమానం ఇంకా పచ్చిగా ఉంది. వచ్చే ఏప్రిల్‌లోనూ ఇదే మాట అనిపిస్తే ముందు బదిలీల కౌన్సెలింగ్ ఉంది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన డైట్‌లోనో, పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాల తయారీలోనో డిప్యుటేషన్‌కు ప్రయత్నించే అవకాశమూ ఉంది. ప్రశ్నపత్రాలు తయారుచేసే చోట, ఒక్కో పిల్లవాణ్ణి పిలిచి నాలుగు లెక్కలు చేయించిన మనిషి అవసరం చాలా ఉంది. పాఠం చెప్పడం మీద మీకు విరక్తి కలిగిందని ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. సంజాయిషీకి గడువు ఉంటుంది కనుక ముందు ఆ కాగితం సిద్ధం చేసుకుని, ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడండి. మీ అబ్బాయి సంగతి ఆయన గది తలుపు తెరుచుకునేదాకా ఆగనక్కరలేదు, ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు.